వచ్చే మామిడి కోతకు ముందే రోడ్డు గురించి మాట్లాడుకుందాం

మామిడిలో తేనెమంచు పురుగుకు ఏం కొట్టాలి, శెనక్కాయలకు జిప్సం ఎప్పుడు వేయాలి అని రాసే నేను ఈసారి రోడ్డు ప్రమాదాల గురించి రాస్తున్నాను. వ్యవసాయ శాఖ వాళ్ళకు దీంతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. 2025 జూలై 13 రాత్రి జరిగింది ఒకసారి గుర్తు చేసుకుందాం.

రాజంపేట వైపు తోటల్లో మామిడికాయలు కోసి, లారీకెత్తి, రైల్వేకోడూరు మార్కెట్టుకు బయలుదేరారు. కోతకు వచ్చిన కూలీలు ఇంటికి పోవడానికి ఆ కాయల లోడు మీదే కూర్చున్నారు. అప్పటి అన్నమయ్య జిల్లా పుల్లంపేట మండలం రెడ్డిపల్లె చెరువుకట్ట మీద లారీ బోల్తా పడింది. 9 మంది చనిపోయారు. రైల్వేకోడూరు, వెంకటగిరి ప్రాంతాల నుంచి కూలికి వచ్చినవాళ్ళు వీళ్ళు. పేపర్లో అది లారీ ప్రమాదం. నా లెక్కలో అది కోత పనిలో జరిగిన ప్రమాదం. కూలి మనిషిని తోటకు తెచ్చేదీ, తిరిగి ఇల్లు చేర్చేదీ కోతలో భాగమే. ఆ భాగానికి మనలో ఎవరం లెక్క వేసుకోలేదు, ప్రభుత్వమూ వేయలేదు.

మన రాష్ట్రంలో రోడ్డు ప్రమాదాల్లో 2022లో 8,293 మంది, 2023లో 8,137 మంది చనిపోయారు. సగటున రోజుకు 22 మందికి పైనే. దేశం మొత్తం మీద 2023లో ఆ సంఖ్య లక్షా 72 వేలు దాటింది. చనిపోయినవాళ్ళలో దాదాపు మూడింట రెండు వంతుల మంది ప్రమాదానికి గురైంది పల్లె ప్రాంతపు రోడ్ల మీదే. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని ఐక్యరాజ్యసమితి లక్ష్యం పెట్టుకుంది, మన దేశమూ ఒప్పుకుంది. అందుకే రాష్ట్ర స్థాయిలో రోడ్డు భద్రతా మండలి, జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఉన్నాయి. పోలీసు, రవాణా, రోడ్లు భవనాలు, హైవే, వైద్య శాఖల అధికారులు అందులో కూర్చుని ఎక్కడ ప్రమాదాలు ఎక్కువో చూసి పనులు నిర్ణయిస్తారు. వ్యవసాయ, ఉద్యాన, మార్కెటింగ్ శాఖల పేర్లు ఆ వరుసలో మామూలుగా వినపడవు.

ఎక్కడ ఎక్కువో ఎలా తేలుస్తారు అన్నది ముఖ్యం. దీనికి కేంద్రం పెట్టిన కొలత ఒకటి ఉంది. సుమారు 500 మీటర్ల రోడ్డు ముక్కలో మూడేళ్ళలో మరణాలో తీవ్ర గాయాలో అయిన ప్రమాదాలు 5 జరగాలి, లేదా మొత్తం 10 మంది చనిపోవాలి. అప్పుడు దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు, అక్కడ బాగుచేతకు నిధులు కదులుతాయి. హైవేలకు ఈ కొలత పనికొస్తుంది. ఇప్పుడు రెడ్డిపల్లె చెరువుకట్టను ఈ కొలతతో చూడండి. ఆ ఒక్క ప్రమాదమే తీసుకుంటే ప్రమాదాలు 1, మరణాలు 9. రెండు గీతల్లో ఏదీ దాటదు. 2022 డిసెంబరులో పూతలపట్టు మండలం లక్ష్మయ్యఊరు దగ్గర పెళ్ళివాళ్ళతో పోతున్న ట్రాక్టరు బోల్తా పడి 6 మంది పోయారు. అదీ అంతే.

రైతు ప్రమాదం ఒకే చోట మళ్ళీ మళ్ళీ జరగదు. ఈ ఏడాది ఈ చెరువుకట్ట మీద, వచ్చే ఏడాది ఇంకో ఊరి కల్వర్టు దగ్గర. చోటు మారుతుంది కానీ కాలం మారదు, పని మారదు. 2018 జూన్ 24న తెలంగాణలో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర పత్తి గింజలు పెట్టడానికి పోతున్న ట్రాక్టరు కాలువలో పడి 15 మంది చనిపోయారు, దాదాపు అందరూ ఆడవాళ్ళే. 2020 మే నెలలో ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలంలో మిరప కోత నుంచి వస్తున్న ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొట్టింది. పత్తి విత్తే కాలం, మిరప కోసే కాలం, మామిడి దించే కాలం. పురుగు ఎప్పుడొస్తుందో ముందే చెప్పి మందు సిద్ధం చేసుకోమంటాం కదా, దీనికీ అలాంటి క్యాలెండరే కావాలి. రాష్ట్ర ప్రణాళికలో బ్లాక్ స్పాట్ల జాబితా పక్కన పంట కాలాల జాబితా కూడా ఉండాలన్నది నా అభిప్రాయం. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా వరకు అది చాలా తేలిక. మే చివరి నుంచి జూలై దాకా మామిడి, చలికాలంలో చెరకు, శ్రీకాళహస్తి వైపు వరి కోతలు, పలమనేరు, పుంగనూరు, వి.కోట వైపు టమాటా. ఏ నెలలో ఏ రోడ్డు మీద మన బండ్లు ఎక్కువో రైతు సేవా కేంద్రంలో కూర్చున్న సహాయకులు ఒక పూటలో రాసివ్వగలరు.

2025 మామిడి సీజనునే తీసుకోండి. తోతాపురి ధర పడిపోవడం, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇస్తే ప్రభుత్వం 4 కలుపుతుందని చెప్పడం అన్నీ మీకు తెలుసు. ధర గురించి అందరూ మాట్లాడారు. ఆ రోజుల్లో పల్ప్ ఫ్యాక్టరీల ముందు, ర్యాంపుల ముందు ట్రాక్టర్లు రోడ్డు అంచున బారులు తీరి రాత్రిళ్ళు నిలబడిపోయిన సంగతి మాత్రం రోడ్డు భద్రత కింద ఎవరూ మాట్లాడలేదు. చాలా ట్రాలీలకు వెనక ఒక్క లైటు లేదు. కొంతమంది ట్రాలీ కిందే గుడ్డ పరచుకుని పడుకోవడం నేను చూశాను. టోకెన్ల పద్ధతి సరిగ్గా నడిస్తే, రోడ్డుకు ఎడంగా ఒక ఖాళీ స్థలం చూపిస్తే ఆ ప్రమాదమే ఉండదు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కోతకు ముందు ఒక మీటింగు చాలు.

రోడ్డు పక్కన నిలబడటమే ఎంత ప్రమాదమో ఏర్పేడు మనకు చూపించింది. 2017 ఏప్రిల్ 21న ఇసుక తవ్వకాల మీద మొర పెట్టుకోవడానికి ఏర్పేడు పోలీసు స్టేషను ముందు చేరిన మునగలపాళెం రైతుల మీదికి లారీ దూసుకొచ్చింది. పదిహేను మందికి తగ్గకుండా ప్రాణాలు పోయాయి. ఒకే ఊరిలో అన్ని ఇళ్ళల్లో అంత్యక్రియలు.

ఇక మన వైపు తప్పుల సంగతి. చెబితే కొందరికి కోపం వస్తుంది, అయినా చెప్పాలి.

కొన్నేళ్ళ కిందట తిరుపతిలో శిక్షణ ముగించుకుని రాత్రి మోటారు సైకిలు మీద వస్తున్నాను. ఎదురుగా లారీ లైట్లు కళ్ళలో పడుతున్నాయి. నా ముందు ఏమీ లేదనుకున్నాను. చెరకు ఆకు చేతికి గీరుకుంది, అప్పుడు తెలిసింది పక్కన చెరకు లోడు ట్రాలీ నిలబడి ఉందని. ఇంకొక అడుగు ఎడమకు ఉండుంటే ఈ వ్యాసం మీకు వేరేవాళ్ళు రాసేవాళ్ళు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 16, 17 మీటర్లు పోతుంది. డిమ్ లైటులో రంగు లేని ట్రాలీ నలభై మీటర్ల లోపు వస్తే గానీ కనపడదు. చూసి, కాలు బ్రేకు మీదికి పోవడానికే ఒక సెకను పైన పడుతుంది. మిగిలిన దూరంలో బండి ఆగదు. అదే ట్రాలీ వెనక ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కరు, పక్కల పసుపు స్టిక్కరు ఉంటే చాలా దూరం నుంచే మెరుస్తుంది. కొన్ని వందల రూపాయల ఖర్చు. ఒక మందు డబ్బా ధర కాదు. మట్టి, పేడ పట్టి మాసిపోతుంది కాబట్టి లోడు ఎత్తే రోజు తడిగుడ్డతో తుడవాలి. చెరకు, గడ్డి వెనక్కి వేలాడి స్టిక్కరును కప్పేస్తే అది ఉన్నా లేనట్టే. లోడు చివర ఇంకొకటి కట్టండి.

బ్రేకు గురించి ఇంకా జాగ్రత్తగా వినండి. ట్రాక్టరుకు కుడి, ఎడమ చక్రాలకు వేరువేరు బ్రేకు పెడళ్ళు. దుక్కిలో మూల తిప్పుకోవడానికి ఒక వైపు తొక్కుతాం, అందుకే అలా ఇచ్చారు. రెండు పెడళ్ళనూ కలిపే చిన్న లాకు ఉంటుంది. పొలం నుంచి రోడ్డెక్కేటప్పుడు ఆ లాకు వేయాలి. వేయకపోతే కంగారులో కాలు ఒక పెడలు మీదే పడుతుంది, ఒక చక్రమే పట్టుకుంటుంది, బండి గిరుక్కున తిరుగుతుంది, వెనక ట్రాలీ బరువు దాన్ని నెట్టేస్తుంది. మన దగ్గర చాలా ట్రాలీలకు సొంత బ్రేకు లేదు, నాలుగైదు టన్నుల బరువునూ ముందున్న ట్రాక్టరే ఆపాలి. డీజిలు మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ వేసేవాళ్ళకు ఒక మాట. గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్ వేస్తే ఆ పట్టు పోయి భారమంతా బ్రేకు మీద పడుతుంది. మొగిలి ఘాట్, భాకరాపేట ఘాట్ లాంటి చోట్ల పెద్ద బస్సులూ లారీలకే ఏమైందో చూశాం. భాకరాపేట ఘాట్‌లో 2022 మార్చిలో నిశ్చితార్థానికి వస్తున్న ధర్మవరం వాళ్ళ బస్సు లోయలో పడింది, మొగిలి ఘాట్‌లో 2024 సెప్టెంబరులో ఆర్టీసీ బస్సు, లారీలు ఢీకొన్నాయి.

ఉలవకట్టె, రాగి కంకులు రోడ్డు మీద పరిచి బండ్ల చేత తొక్కించడం మన సీమలో ఎప్పటి నుంచో ఉంది. కూలి ఖర్చు లేకుండా నూర్పిడి అయిపోతుంది, నాకు తెలుసు. మా ఇంట్లోనూ చేశారు. కానీ బండ్లు పక్కకు రాకుండా పెట్టిన రాళ్ళు సాయంత్రం ఎత్తకుండా ఇంటికి పోతే, రాత్రి పాలు పోసి వచ్చే మన ఊరి పిల్లవాడే దానికి తగిలి పడతాడు. పంచాయతీలో సామూహిక కళ్ళం అడగండి. అది వచ్చేదాకా కనీసం చీకటి పడేలోపు రాళ్ళు, ముళ్ళకంప తీసేయండి.

పాల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. దేశంలో రోడ్డు మీద చనిపోయేవాళ్ళలో నూటికి 44 మంది దాకా టూ వీలర్ల మీద పోయేవాళ్ళే. తెల్లవారుజామున రెండు పక్కలా క్యాన్లు తగిలించుకుని, తలకు తుండుగుడ్డ చుట్టుకుని పోయే రైతు ఆ లెక్కలో ఉన్నాడు. కేంద్రం మూడు కిలోమీటర్లే కదా, హెల్మెట్ ఎందుకు అంటారు. ఆ మూడు కిలోమీటర్లు మీరు సంవత్సరానికి ఏడు వందల సార్లకు పైగా తిరుగుతున్నారు.

ఇప్పుడు చిన్న రైతుకు భూమి పోయే విషయం. ట్రాక్టరు ఉన్నవాళ్ళు, అద్దెకు పిలిచేవాళ్ళు ఇద్దరూ చదవండి. మీ ట్రాక్టరు ఆర్సీ తీసి సీట్ల సంఖ్య గడి చూడండి. 1 అని ఉంటుంది. అంటే డ్రైవరు ఒక్కడే. ట్రాలీలో కూర్చున్న కూలీలకు ఏదైనా అయితే, ఆ పాలసీ కింద వాళ్ళు రారని బీమా కంపెనీ వాదిస్తుంది. మన రాష్ట్రం నుంచే వెళ్ళిన ఒక కేసులో, కూరగాయలతో ట్రాలీలో మార్కెట్టుకు పోతూ చనిపోయిన వ్యక్తి విషయంలో, 2004లో సుప్రీంకోర్టు కంపెనీ వాదనతోనే ఏకీభవించింది. కొన్ని కేసుల్లో కోర్టులు ముందు కంపెనీ చెల్లించి తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోమంటాయి. ఎలా తిరిగినా చివరికి నష్టపరిహారం యజమాని మెడకు చుట్టుకుంటుంది. లక్షల్లో ఉంటుంది. నాకు తెలిసిన ఒక రైతు ఎకరంన్నర అమ్మి కట్టాడు. చనిపోయిన మనిషి ఇంటివాళ్ళకు ఆ డబ్బు అందడానికి ఏళ్ళు పట్టింది. రెండు ఇళ్ళూ దెబ్బతిన్నాయి.

అందుకని కూలీలను తేవడానికి ఆటోనో, ప్రయాణికులకు పర్మిట్ ఉన్న చిన్న బండినో మాట్లాడుకోండి. ఒక్కో రైతుకు భారమైతే ఒకే దారిలో ఉన్న నాలుగు తోటల వాళ్ళు కలిసి పెట్టుకోవచ్చు. కోత కాంట్రాక్టు మండీ వ్యాపారికి ఇచ్చినా సరే, కూలీలు ఎలా తిరిగి పోతారు అని ముందే అడగండి, లోడు మీద ఎక్కించనని మాట తీసుకోండి. కాయల మీద మనిషి కూర్చుంటే కాయ కూడా నలుగుతుందని గుర్తు చేస్తే వ్యాపారి కొంచెం త్వరగా వింటాడు. ట్రాక్టరు పాలసీ కట్టేటప్పుడు కూలీలకు కవరేజీ ఉందా, దేనికి ఉంది, దేనికి లేదు అని ఏజెంటును అడిగి కాగితం మీద చూపించమనండి. నోటి మాట నమ్మవద్దు. యజమాని తానే నడిపితే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది, కానీ లైసెన్సు ఉండాలి. ట్రాక్టరు నడిపే మన వాళ్ళలో లైసెన్సు ఎంతమందికి ఉందో మీకే తెలుసు.

ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన కింద సంవత్సరానికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఉంది. 18 నుంచి 70 ఏళ్ళ వాళ్ళందరికీ. జూన్ 1 నుంచి మే 31 దాకా చెల్లుతుంది, మే చివరలో ఖాతాలో 20 రూపాయలు లేకపోతే ఆగిపోతుంది. సరిగ్గా మామిడి కోత మొదలయ్యే సమయమే అది. మీ తోటకు వచ్చే కూలీలకు ఈ ఒక్క మాట చెప్పండి.

ప్రమాదం జరిగిపోతే మొదటి గంట చాలా విలువైనది. గాయపడిన మనిషిని ఆసుపత్రికి చేర్చినవాళ్ళను పోలీసులు పేరు చెప్పమనో, సాక్షిగా రమ్మనో బలవంతపెట్టకూడదని చట్టంలోనే ఉంది, 134ఎ సెక్షను. కాబట్టి కేసు భయంతో ఎవరినీ రోడ్డు మీద వదిలేయవద్దు. 108కి ఫోను చేయండి. 2025 మే నుంచి కేంద్రం పథకం కింద, గుర్తించిన ఆసుపత్రుల్లో మొదటి 7 రోజులు లక్షన్నర రూపాయల దాకా వైద్యం ఉచితం, చేర్చేటప్పుడే ఆ పథకం గురించి అడగండి. గుద్దిన బండి దొరక్కపోతే చనిపోయినవాళ్ళ కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడినవాళ్ళకు 50 వేలు వస్తాయి, దరఖాస్తు రెవెన్యూ అధికారుల దగ్గరే. బండి తెలిసిన కేసుల్లో నష్టపరిహారం పిటిషను ఆరు నెలల లోపే వేసేయండి.

ప్రణాళికతో ఇవి తగ్గుతాయా అని అడిగితే తగ్గుతాయి. పక్కన తమిళనాడులో 2016లో 17,218 మంది చనిపోతే 2018 నాటికి 12,216కి దిగింది. తనిఖీలు గట్టిగా చేశారు, ప్రమాదాలు ఎక్కువగా జరిగే చోట్లను సరిచేశారు, అంబులెన్సులు, ఆసుపత్రుల్లో అత్యవసర విభాగాలు పెంచారు. 2021 డిసెంబరులో మొదటి 48 గంటల ఉచిత వైద్యం పథకం కూడా పెట్టారు. అయినా 2022లో మరణాలు మళ్ళీ 17,884కు పోయాయి. ఒక్కసారి కలుపు తీసి వదిలేసిన చేను లాంటిదే ఇది, బండ్లు పెరుగుతూనే ఉంటాయి, పట్టు కొంచెం వదిలినా మొదటికి వస్తుంది.

మన జిల్లాల్లో నాలుగు వరుసల రోడ్లు వచ్చాక ఇంకొక సమస్య పుట్టింది. ఇల్లు ఒక పక్క, చేను ఇంకో పక్క. తిప్పుకునే చోటు రెండు మూడు కిలోమీటర్ల దూరంలో ఉంటే రైతు ట్రాక్టరును ఎదురు దారిలో నడుపుతాడు. తప్పే, కానీ ఆ తప్పు రోడ్డు గీసిన కాగితంలోనే ఉంది. సర్వీసు రోడ్డు, అండర్‌పాసు ఎక్కడ కావాలో పని జరుగుతున్నప్పుడే అడగాలి, తర్వాత కష్టం. బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్ వే దారిలో ఉన్న బైరెడ్డిపల్లె, వి.కోట, పలమనేరు, బంగారుపాళ్యం, గుడిపాల వైపు రైతులు తమ చేలకు పోయే దారి ఎక్కడి నుంచి ఉందో ఇప్పుడే చూసుకోండి. ఆ రోడ్డు మీదికి ట్రాక్టరును రానివ్వరు.

అడిగే చోటు కలెక్టరేటు. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి, జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి పంపాలని అందులోనే రాయండి. మా ఊరి దగ్గర ప్రమాదాలు జరుగుతున్నాయి అని రాస్తే అది ఫైల్లో పోతుంది. ఏ రోడ్డు, ఏ కిలోమీటరు రాయి, చెరువుకట్టకు రక్షణ గోడ ఎంత పొడవున లేదు, ఏ నెలలో ఎన్ని ట్రాక్టర్లు తిరుగుతాయి, ఇంతకు ముందు ఏ తేదీన ఏం జరిగింది, ఇవి రాయండి. చిన్న దెబ్బలని కేసు పెట్టనివీ, బండి పడినా మనిషి బతికినవీ రాయండి. పోలీసు లెక్కలో అవి ఉండవు. పొలంలో ట్రాక్టరు తిరగబడినవి అసలు రోడ్డు ప్రమాదాల్లోకే రావు, అవి మీరు చెబితేనే తెలుస్తాయి. ఫ్యాక్టరీ ముందు బారులు తీరే చోటుకు వేరే స్థలం, లైట్లు కావాలంటే ఫ్యాక్టరీ పేరు, ఎన్ని రోజులు నిలబడ్డారో రాయండి. పది మంది రైతుల సంతకాలు, రైతు సేవా కేంద్రం ముద్ర ఉంటే బరువు పెరుగుతుంది. రాయడానికి ఇబ్బందైతే మీ కేంద్రం సహాయకులను అడగండి, వాళ్ళకు కాగితం, ఫోటో పెట్టడం తెలుసు. కోత మే చివరలో మొదలవుతుంది, అర్జీ ఏప్రిల్ మొదట్లోనే చేరితే కమిటీ సమావేశంలో రావడానికి రెండు నెలలు ఉంటుంది.